ఐవీఎఫ్‌లో మిగిలిన ఎంబ్రియోలు వద్దనుకుంటే పాపమా?

ఐవీఎఫ్‌లో పాప పుట్టాక మిగిలిన ఎంబ్రియోలను, అంటే ల్యాబ్‌లో తయారుచేసి ఫ్రీజింగ్‌లో దాచిన పిండాలను, వద్దనుకుంటే పాపమా అని అడిగారు. నా మటుకు కాదు. ఏదీ తేల్చుకోకుండా ఏటేటా స్టోరేజీ డబ్బు కట్టుకుంటూ పోవడమే తప్పు. మేము రెండేళ్లు ఆ తప్పు చేశాం.

మాది ఒడిశాలోని రాయగడ. ట్రీట్‌మెంట్ విశాఖలో. ఇంజెక్షన్లు ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రైల్లో తిరిగేవాళ్లం. ఎంబ్రియోను నా గర్భంలో పెట్టిన రోజు దాని ఫొటో ఒకటి ఇచ్చారు. నల్లటి కాగితం మీద గుండ్రంగా, పున్నమి చంద్రుడిలా ఉంది. అత్తయ్య దాన్ని దేవుడి గూట్లో మజ్జిగౌరమ్మ పటం పక్కన పెట్టి, మూలన కుంకుమ బొట్టు పెట్టారు. ఆ ఫొటోలో ఉన్నదే మా పాప. దానితో పాటే తయారైనవి ఇంకో మూడు ఫ్రీజింగ్‌లో ఉండిపోయాయి. నాకు బీపీ పెరిగి కాన్పు కష్టమైంది, మళ్లీ వద్దన్నారు. అయినా రెన్యువల్ మెసేజ్ వచ్చినప్పుడల్లా ఆ బొట్టు కనిపించి డబ్బు కట్టేసేదాన్ని.

ఒకరోజు బియ్యం ఏరుతూ అత్తయ్యే అడిగారు, ఎందుకే అంత టెన్షన్ అని. చెప్పాను. చేతిలో చాట ఆపకుండానే, "నాకు మూడో నెలలో రెండు పోయాయి. మీ ఆయన తర్వాత పుట్టాడు. పోయినవాటికి నేనెవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. నువ్వెందుకు చెప్పుకుంటావ్?" అన్నారు. పూజలు, ముహూర్తాలు తప్పనివ్వని మనిషి ఆవిడ. మామూలుగా వచ్చిన గర్భాల్లోనూ ఎన్నో పిండాలు నిలవకుండా, మనకు తెలియకుండానే పోతాయి. వాటిని ఎవరూ పాపం అనరు కదా.

నా కోపమంతా ఆ కాగితాల మీద. అండాలు తీసే రోజు పొద్దున, ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు, ఇంగ్లీషు ఫారాలు కట్టగా ఇచ్చి సంతకాలు పెట్టమన్నారు. ఐవీఎఫ్ లాంటి చికిత్సల కోసం వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం, ఇద్దరిలో ఎవరికైనా ఏమైనా జరిగితే ఎంబ్రియోలను ఏం చేయాలో ముందే రాసివ్వాలి. అంత పెద్ద ప్రశ్న అందులో ఉందని నాకు తర్వాతే తెలిసింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయిన మాలాంటి వాళ్లకు కూర్చోబెట్టి ఒక్క పది నిమిషాలు చెప్పలేరా?

అదే చట్టం ప్రకారం పదేళ్లకు మించి దాచకూడదు. ఆ తర్వాత నశించిపోనివ్వాలి, లేదా దంపతులు ఒప్పుకుంటే రిజిస్టరైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. అమ్మడం నేరం. అంటే డబ్బు కడుతూ ఎంత వాయిదా వేసినా నిర్ణయం తప్పదు. మేము దసరాకు ముందు వెళ్లి, వదిలేస్తున్నామని ఇద్దరం సంతకం పెట్టాం. తిరుగు రైల్లో బొబ్బిలి దాకా ఏడ్చాను. ఆ ఏడుపును పశ్చాత్తాపం అనుకోకండి.

మీరైతే ఈసారి రెన్యువల్ తేదీ లోపు, ఆడపడుచులనూ పిన్నులనూ పిలవకుండా, ఇద్దరే కూర్చుని మాట్లాడుకోండి. కన్సెంట్ ఫారం కాపీ అడిగి తెచ్చుకోండి, అప్పుడు ఏ గడిలో టిక్ పెట్టారో ముందు అది చూడండి.