రెండు రాత్రుల డిన్నర్‌కి అప్పు ఎందుకండీ?

ప్రశ్న: మా వారు, నేను, ఇద్దరు పిల్లలు (అబ్బాయికి 15, అమ్మాయికి 10) ఇంకో ఏడు నెలల్లో ఏడు రాత్రుల క్రూయిజ్‌కి వెళ్తున్నాం. రెండేళ్లు కూడబెట్టి టికెట్ల డబ్బు మొత్తం కట్టేశాం. ఇప్పుడేమో అందులో రెండు ‘ఫార్మల్ నైట్స్’ ఉంటాయని, డిన్నర్‌కి మగవాళ్లు సూటు, ఆడవాళ్లు గౌను వేసుకోవాలని ఇదివరకు వెళ్లొచ్చిన బంధువులు చెబుతున్నారు. నలుగురికీ బట్టలు, బూట్లు లెక్క వేస్తే దాదాపు ఒక మనిషి టికెట్ అంత తేలింది. క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ పెట్టేద్దామని మా వారు, ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి తీద్దామని నేను. పైగా మా అబ్బాయి టై కట్టుకోనని ఇప్పటి నుంచే భీష్మించుకున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: రెండూ వద్దండి. డబ్బు ఎక్కడి నుంచి తేవాలని మీరిద్దరూ వాదించుకుంటున్నారు గానీ, ఆ బట్టలు కొనాల్సిందేనని ఇద్దరూ ముందే ఒప్పేసుకున్నారు. నేను అక్కడే ఆగుతాను. అసలు కొనాలా వద్దా అన్నది మీరు టికెట్ తీసుకున్న కంపెనీ వెబ్‌సైట్‌లో ‘డ్రెస్ కోడ్’ అన్న పేజీ చూస్తే తేలిపోతుంది. బంధువులు చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. కానీ వాళ్లు ఎక్కిన ఓడ వేరు, మీరు ఎక్కబోయే ఓడ వేరు.

ఈ తేడా ఎంత ఉంటుందో చూడండి. కునార్డ్ కంపెనీ ఓడల్లో పాత పద్ధతి ఇప్పటికీ గట్టిగానే నడుస్తోంది. వాళ్ల ఫార్మల్ నైట్ పేరు ‘గాలా ఈవెనింగ్’. ఆ రాత్రి మగవాళ్లు టక్సీడో (బో టైతో వేసుకునే లాంఛనమైన నల్ల సూటు) గానీ, ముదురు రంగు సూటు, టై గానీ వేసుకోవాలి. ఆడవాళ్లు ఈవెనింగ్ గౌను లాంటి లాంఛనమైన దుస్తుల్లో రావాలి. ప్రిన్సెస్ ఓడల్లోనూ వారం రోజుల ప్రయాణంలో సాధారణంగా రెండు ఫార్మల్ నైట్స్ ఉంటాయి. కార్నివల్‌లో కూడా ఆరు రోజులు, అంతకు మించిన ప్రయాణాలకు రెండు రాత్రులే. వాళ్లు దాన్ని ‘ఎలిగెంట్’ అంటారు. అక్కడ మంచి ప్యాంటు, కాలర్ ఉన్న ఫుల్ షర్టు ఉంటే చాలు, కోటు మీ ఇష్టం. సెలబ్రిటీ కంపెనీ 2015 చివర్లో ఫార్మల్ నైట్స్ తీసేసి, ‘ఈవెనింగ్ చిక్’ అని కాస్త సడలించిన పద్ధతి పెట్టింది. నార్వేజియన్‌లో తప్పనిసరి ఫార్మల్ నైట్ అంటూ లేదు. వైకింగ్ సముద్ర ఓడల్లో కోటూ టైలు ఐచ్ఛికం. వర్జిన్ వాయేజెస్ అయితే డ్రెస్ కోడే లేదు పొమ్మంది, ఒక రాత్రి మాత్రం సరదాగా అందరూ ఎరుపు వేసుకుంటారు. మీరు ఏ కంపెనీ అన్నది రాయలేదు. అది చూడకుండా మీ బట్టల బడ్జెట్ ఎంతుండాలో ఎవరూ చెప్పలేరు. దాదాపు సున్నా కావచ్చు, మీరు వేసిన లెక్కలో మూడో వంతు కావచ్చు. ఈ నియమాలు మారుతుంటాయి కాబట్టి ఇవాళ ఒకసారి, బయల్దేరే నెలలో మరోసారి చూడండి.

ఇక, ఒకవేళ మీది కాస్త గట్టి నియమాలున్న ఓడే అనుకుందాం. అప్పుడు కూడా కంగారు అక్కర్లేదు. ఆ నియమం ముఖ్యంగా మెయిన్ డైనింగ్ రూమ్‌కీ, కొన్ని ప్రత్యేక రెస్టారెంట్లకీ వర్తిస్తుంది. అదే రాత్రి బఫే తెరిచే ఉంటుంది, అక్కడ మామూలు బట్టల్లో తినొచ్చు. అంత పట్టింపు ఉన్న కునార్డ్‌లోనూ గాలా రాత్రి ముస్తాబు కాలేని వాళ్ల కోసం బఫే, పబ్ లాంటి కొన్ని చోట్లు విడిగా ఉంటాయి. అంటే మీరు బట్టలు కొనకపోతే పస్తులుండరు. ఒక హాల్లో, రెండు పూటలు కూర్చోలేకపోతారు, అంతే. ఆ హాల్లో కూర్చోవడం మీ ఇంట్లో ఎవరికి ఎంత ముఖ్యమన్నది మీరు తేల్చుకోవాలి. మీకు నిజంగా ఇష్టమైతే, నలుగురూ చక్కగా తయారై ఒకే బల్ల దగ్గర కూర్చునే ఆ రెండు గంటల కోసమే ఈ ప్రయాణం అనుకుంటే, ఖర్చు పెట్టండి, దానికి నేను అడ్డు చెప్పను. చేతిలో ఉన్న డబ్బుతో పెట్టండి అనే నా మాట.

మిగతా ఐదు రాత్రుల గురించి టెన్షన్ అసలే వద్దు. ఆ రాత్రులకి మామూలుగా చెప్పే ‘స్మార్ట్ క్యాజువల్’ అంటే ఆఫీసుకి గానీ, తెలిసినవాళ్లింట్లో ఫంక్షన్‌కి గానీ వేసుకెళ్లే శుభ్రమైన బట్టలే. స్విమ్ సూట్, బాత్ రోబ్, చేతుల్లేని బనియన్, టోపీ ఇలాంటివి డిన్నర్ హాల్లోకి రానివ్వరు. మొదటి రాత్రి ఎవరూ పెద్దగా తయారవరు, దానికి కారణం కూడా ఉంది. రేవులో మీరు అప్పగించిన పెద్ద పెట్టెలు ఒక్కోసారి డిన్నర్ వేళ దాటాక గానీ గదికి చేరవు. అందుకే ఆ సాయంత్రానికి సరిపడా ఒక జత చేతి సంచీలో పెట్టుకోండి. చివరి రాత్రి పెట్టెలు సర్ది గది బయట పెట్టేయాలి కాబట్టి అదీ మామూలు రాత్రే. పాతకాలపు ప్రయాణికుల ఓడల్లోనూ మొదటి రాత్రి, చివరి రాత్రి డిన్నర్‌కి ముస్తాబు కాకపోవడమే ఆనవాయితీ.

ఇప్పుడు మీ ఇద్దరి ప్రతిపాదనలకు వస్తాను. ముందు మీ వారి ఈఎంఐ. నా అభ్యంతరం వడ్డీ ఒక్కదాని మీదే అయితే ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. చాలా ఓడల్లో నగదు నడవదు. గది తాళంగా ఇచ్చే కార్డే అన్నిటికీ గీస్తారు, ఆ ఖాతా మీ క్రెడిట్ కార్డుకి ముడిపడి ఉంటుంది. చాలా కంపెనీలు ప్రయాణం జరుగుతుండగానే మీ కార్డులో కొంత మొత్తాన్ని హోల్డ్‌లో పెడతాయి. ఈఎంఐ పెట్టిన మొత్తం మీ లిమిట్‌లోంచి ముందే కోసేసి ఉంటుంది. అంటే కార్డులో ఎక్కువ ఖాళీ కావాల్సిన సమయానికే లిమిట్ తక్కువగా ఉంటుంది. తిరిగొచ్చాక ఓడ బిల్లు, ఈఎంఐ ఒకే స్టేట్‌మెంట్‌లో కనిపిస్తాయి. చాలామంది అక్కడే ‘ఈ నెలకి మినిమమ్ కట్టేద్దాం’ అంటారు. కార్డు వడ్డీ నెలకు 3 శాతం అనుకోండి. వినడానికి చిన్న అంకె. అసలు కట్టకుండా వదిలేస్తే 100 బాకీ ఏడాదిలో 142 దాటుతుంది. రెండేళ్లు ఓపిగ్గా కూడబెట్టి, అప్పు లేకుండా టికెట్ కొన్న కుటుంబం మీది. అది ఎంత గొప్ప పనో మీకు తెలియడం లేదేమో గానీ, డబ్బు సలహాలు చెప్పే ఈ సీట్లో కూర్చున్న నాకు తెలుసు. ఆఖరి మెట్టు మీద దాన్ని పాడు చేసుకోకండి.

మీరన్న ఎమర్జెన్సీ ఫండ్ మాటంటే నాకు ఇంకా ఎక్కువ భయం. ఆ నిధి అవసరం పడే అవకాశం ఇంట్లో కంటే ప్రయాణంలోనే ఎక్కువ. ఓడలో డాక్టరు ఉంటారు, కానీ చూపించుకుంటే ఆ ఫీజు మీ గది ఖాతాలో పడుతుంది. బీమా ఉన్నా చాలాసార్లు ముందు మీరు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. అలాంటి నిధిని ప్రయాణానికి ముందే బట్టల కోసం తగ్గించుకోవడం ఏ విధంగానూ సరికాదు. ఇంకా ప్రయాణ బీమా తీసుకోకపోతే, వైద్య ఖర్చులు, అత్యవసరంగా ఒడ్డుకు తరలించే ఖర్చు కలిసి ఉన్న పాలసీ తీసుకోండి. బట్టల బడ్జెట్లో మొదటి భాగం దానికే వెళ్లాలంటాను.

మీకు ఏడు నెలల టైముంది. ఇదే మీ అసలు బలం. ప్రతి నెలా ఒక చిన్న మొత్తం పక్కన పెట్టండి, ఆరు నెలల్లో పోగైనదే మీ బట్టల బడ్జెట్. ఏడో నెలలో అందులోంచే కొనండి. అంతకు మించితే ఆ వస్తువు మీకు అక్కర్లేనిదని అర్థం.

కొనే ముందు ఒక లెక్క వేయమంటాను. వస్తువు ధరని ఎన్నిసార్లు వేసుకుంటారో దానితో భాగించండి. ఇది చాలామందికి తెలిసిన లెక్కే. అయితే మోసపోయేది ఆ కింది అంకెలోనే. ‘తర్వాత పెళ్లిళ్లకీ పనికొస్తుందిలే’ అని పది వేసేస్తాం. నేను నా క్లయింట్లకి చెప్పే నియమం ఏమిటంటే, క్యాలెండర్‌లో తేదీ పడిన సందర్భాలనే లెక్కించాలి. మీ వారికి ముదురు నీలం సూటు ఒకటి కొంటే, ఈ రెండు రాత్రులు, ఖాయమైన ఓ పెళ్లి, ఆఫీసు కార్యక్రమం ఒకటి కలిపి నాలుగు అవుతాయేమో, అది కొనదగ్గదే. టక్సీడోకి ఆ అంకె రెండు దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి అద్దెకు తీసుకోవడమే మేలు. కొన్ని ఓడల్లో ముందే బుక్ చేసుకుంటే అద్దె సూటు గదికే వస్తుంది. ఆ ఏర్పాటు ఉందో లేదో కంపెనీని అడగండి.

రెండు ఫార్మల్ రాత్రులున్నాయని రెండు జతలు కొనకండి. అదే సూటు మీద షర్టు, టై మారిస్తే చాలు. మీకు నల్లటి పొడవైన డ్రెస్ ఒకటి ఉంటే మొదటి రాత్రి మెరుపున్న శాలువాతో, రెండో రాత్రి పైన వేరే రంగు కోటుతో వేసుకోవచ్చు. ఏసీ గట్టిగా ఉంటుంది కాబట్టి ఆ శాలువా ఎటూ కావాలి. అన్నట్టు, చాలా కంపెనీలు సూటు, గౌనులకు బదులు ఎవరి దేశపు లాంఛన దుస్తులైనా అంగీకరిస్తాయి, కునార్డ్ కూడా. అంటే మీ బీరువాలో ఉన్న పెళ్లి బట్టలతోనే ఈ ప్రశ్న తీరిపోవచ్చు. కొనడానికి బయల్దేరే ముందు ఒక ఆదివారం బీరువా మొత్తం మంచం మీద పరిచి చూడండి. సన్నటి హీల్స్ మాత్రం వద్దు. ఓడ కదులుతుంటే మెట్ల మీద కాలు మడతపడుతుంది, ఆ ఖర్చు చెప్పుల ధరతో ఆగదు. నగల విషయంలోనూ జాగ్రత్త. ప్రయాణ బీమాల్లో ఒక్కో విలువైన వస్తువుకీ పరిమితి ఉంటుంది, పోతే పూర్తి విలువ రాదు. అసలైనవి ఇంట్లో వదిలేయండి.

నిజానికి ఫార్మల్ నైట్‌లో చేయి జారే ఖర్చు బట్టల దగ్గర ఉండదు. ఆ సాయంత్రం హాలు బయట తెరలు కట్టి ఫోటోగ్రాఫర్లు నిలబడతారు. తీయించుకోవడం ఉచితమే, ప్రింటుకే డబ్బు. నలుగురూ అంత అందంగా ఉన్నప్పుడు వద్దనడం కష్టం, అందుకే ‘ఒక్క ఫోటో కొంటాం’ అని ఇంట్లోనే అనుకుని వెళ్లండి. మిగతావి మీ ఫోన్‌తో తీసుకోండి. రోజుకి మనిషికి ఇంత అని టిప్పులు చాలా ఓడల్లో ఆటోమేటిక్‌గా పడతాయి, పిల్లలకు కూడా. అవి మీ టికెట్‌లో కలిశాయో లేదో ఇప్పుడే చూడండి. లేకపోతే మీరు బట్టలకని తీసిపెట్టిన డబ్బు బీమా తర్వాత అటే వెళ్లాలి. ఇంకో చిన్న విషయం. అగ్ని ప్రమాదం భయంతో చాలా ఓడల్లో గదిలోకి ఇస్త్రీ పెట్టె తెచ్చుకోనివ్వరు. నలగని బట్టలు ఎంచుకుంటే లాండ్రీ బిల్లు తప్పుతుంది. కొన్ని ఓడల్లో మనమే ఉతుక్కుని, ఇస్త్రీ చేసుకునే గది ఉంటుంది, అలా అయితే సగం బట్టలతోనే వెళ్లొచ్చు, విమానంలో అదనపు బరువుకు కట్టే పనీ ఉండదు.

పిల్లలకి ఇప్పుడు ఏదీ కొనవద్దు. ఏడు నెలల్లో 15 ఏళ్ల కుర్రాడి ప్యాంటు పొట్టి అవుతుంది, భుజాలు మారతాయి. బయల్దేరే రెండు మూడు వారాల ముందు ఒక ముదురు రంగు ప్యాంటు, కాలర్ షర్టు తీసుకోండి. బూట్లు ఉన్నవే తుడిచి వేయించండి. అమ్మాయికి పుట్టినరోజు ఫ్రాకు ఏదున్నా సరిపోతుంది. టై సంగతంటారా, చాలా ఓడల్లో ఆ వయసు పిల్లాడికి కాలర్ షర్టే చాలు. మీది కచ్చితంగా టై కావాలనే ఓడ అయితే, వాళ్ల నాన్నది ఒకటి బ్యాగులో పెట్టండి. ఆ సాయంత్రం కట్టుకుంటాడా, లేక చెల్లితో కలిసి బఫేకి వెళ్తాడా అని వాడినే అడగండి. బఫే తిండికి టికెట్‌లో డబ్బు ఎలాగూ కట్టేశారు. మీరిద్దరూ ఆ పూట హాల్లో తీరిగ్గా తినండి.