టెక్ సందేహాలు: రీస్టార్ట్ కోసం అడ్మిన్ పాస్‌వర్డ్ ఇచ్చేయాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. తెలుగు, ఒడియా టైపింగ్ నేర్పే చిన్న సెంటర్ నడుపుతున్నాను. అన్ని కంప్యూటర్లలో లినక్స్ మింట్ 22 ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. బ్యాచ్‌కొక యూజర్ అకౌంట్ పెట్టాను. రీస్టార్ట్ నొక్కితే మామూలుగా అయిపోతుంది గానీ, కొన్నిసార్లు అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది. నేను పని మీద పాతపట్నం వెళ్లినప్పుడు ఇలా జరిగితే పిల్లలు ఏకంగా స్విచ్ కట్టేస్తున్నారు. పాస్‌వర్డ్ వాళ్లకు చెప్పేయమంటారా?

జవాబు: వద్దండీ. ఆ పాస్‌వర్డ్ తెలిస్తే పక్క బ్యాచ్ వాళ్ల ఫైళ్లు తెరవొచ్చు, సాఫ్ట్‌వేర్లు తీసేయొచ్చు, చివరికి మీ పాస్‌వర్డ్‌నే మార్చేయొచ్చు. ఒక్క రీస్టార్ట్ కోసం అంత ఇవ్వక్కర్లేదు.

కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ అయినవాళ్లకు రీస్టార్ట్ చేసే అనుమతి ముందునుంచే ఉంటుంది. లినక్స్‌లో తెర వెనుక సేవలన్నీ నడిపేది సిస్టమ్‌డీ. ఎవరెవరు లాగిన్ అయ్యారో చూసేది అందులోని లాగిన్‌డీ అనే భాగం, అనుమతి సంగతి తేల్చేది పోల్‌కిట్ అనే మరో ప్రోగ్రామ్. అదే మెషీన్‌లో ఇంకొకరి సెషన్ (అంటే లాగిన్ అయి ఇంకా లాగవుట్ చేయని అకౌంట్) కూడా నడుస్తుంటే పోల్‌కిట్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. రీస్టార్ట్ చేస్తే ఆ రెండో మనిషి సేవ్ చేయని పని పోతుంది కదా! పొద్దుటి బ్యాచ్‌లో ఎవరో లాగవుట్ చేయకుండా 'స్విచ్ యూజర్' నొక్కి వెళ్లిపోతున్నట్టున్నారు. ఈసారి పాస్‌వర్డ్ అడిగినప్పుడు టెర్మినల్‌లో లాగిన్‌సీటీఎల్ (loginctl) కమాండ్ కొట్టండి. రెండు యూజర్ పేర్లు కనిపిస్తే కారణం అదే. పిల్లలకు లాగవుట్ అలవాటు చేయండి. నా ఓటు దీనికే.

అయినా కుదరకపోతే పోల్‌కిట్‌కు ఒక రూల్ రాయండి. ఈటీసీలోని పోల్‌కిట్-1 ఫోల్డర్‌లో రూల్స్ డాట్ డీ అనే చోట (/etc/polkit-1/rules.d) జావాస్క్రిప్ట్‌లో నాలుగైదు లైన్ల ఫైల్ పెడితే చాలు. ఫైల్ పేరు చివర డాట్ రూల్స్ ఉండాలి. పోల్‌కిట్ ఒక్కో పనిని ఒక్కో 'యాక్షన్' అంటుంది. అనుమతించాల్సిన యాక్షన్ లాగిన్1లోని (లాగిన్‌డీకి అక్కడ ఉన్న పేరు) 'రీబూట్ మల్టిపుల్ సెషన్స్'. విద్యార్థుల అకౌంట్లన్నీ ఒక గ్రూపులో చేర్చి, ఆ గ్రూపువాళ్లకే, అదీ సెషన్ లోకల్‌గా, యాక్టివ్‌గా ఉన్నప్పుడే 'యస్' అనమని రాయండి. లోకల్ అనే షరతు మర్చిపోవద్దు. అది లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరం నుంచి లాగిన్ అయినవాళ్లు కూడా మెషీన్ రీస్టార్ట్ చేసేయగలరు. 'ఇగ్నోర్ ఇన్‌హిబిట్' అనే యాక్షన్ జోలికి మాత్రం వెళ్లకండి. ఏదైనా ప్రోగ్రామ్ ఇప్పుడు ఆపొద్దని అడ్డం పెట్టినా రీస్టార్ట్ చేసేయడానికి అనుమతి అది.

అడ్మిన్ అధికారంతో కమాండ్లు నడిపే సుడోకు సుడోయర్స్ అనే సెట్టింగ్స్ ఫైల్ ఉంటుంది. అందులో రీబూట్ కమాండ్‌కు పాస్‌వర్డ్ తీసేయమని చాలామంది చెబుతారు. దానివల్ల టెర్మినల్‌లో సుడోతో కొట్టినప్పుడే ఉపయోగం. మెనూలోని రీస్టార్ట్ బటన్ సుడోను అడగదు, కాబట్టి మీ పిల్లలకు అది పనికిరాదు.

ఇక స్క్రీన్ పూర్తిగా బిగుసుకుపోయినా స్విచ్ కట్టనివ్వకండి, డిస్క్ మీద ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ కీలు కలిపి పట్టుకుని ఎస్, యూ, బీ ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో రెండేసి సెకన్లు ఆగుతూ నొక్కమనండి. దీనికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఎస్ కొడితే మెమరీలో ఆగిన డేటా డిస్క్‌కు చేరుతుంది, యూ కొడితే డిస్క్ మీద రాయడం ఆగుతుంది, బీ కొట్టగానే రీస్టార్ట్ అవుతుంది. టైప్ చేస్తూ సేవ్ చేయనిది మాత్రం దీనితో కూడా దక్కదు.