ఫాంటసీ కథలో పక్షి పాత్ర మనిషిలా కాకుండా పక్షిలా ఉండాలంటే ఏం చేయాలి?

మీ నవలలో పక్షి రెక్కలున్న మనిషిలాగే మాట్లాడుతోందని రాశారు. నాకూ సరిగ్గా ఇదే జరిగింది.

నా మొదటి కథలో ఒక చిలుక ఉండేది. రాకుమారుడికి దారి చెప్పడం, కబుర్లు మోయడం, అంతే దాని పని. మా అవ్వకు చదివి వినిపిస్తే "ఆ చిలుకను తీసేసి మనిషిని పెట్టినా నీ కథ మారదు కద బిడ్డా" అన్నది. నాకు చిన్నప్పుడు బాలనాగమ్మ కథ చెప్పింది ఆమే. మాయల ఫకీరు ప్రాణం చిలుకలో ఉంటుంది కాబట్టి, దాని మెడ మీద చెయ్యి పడిందనగానే నాకు గుండె దడదడలాడేది.

ఆ ఎండాకాలం దేవరకొండ దగ్గర మా చెలకలో తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. గూడంటూ లేదు, గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు, అవీ రాళ్ల రంగులోనే, పక్కనే నిలబడ్డా కనబడవు. దగ్గరికి పోతే నెత్తి మీదికి దూసుకొస్తూ ఒకటే అరుపు. మిట్టమధ్యాహ్నం కుంటకు పోయి పొట్ట కింది ఈకలు తడుపుకొని వచ్చి ఆ తడితోనే గుడ్ల మీద కూర్చునేది, మళ్లీ పోయేది, మళ్లీ వచ్చేది. ఎండకు గుడ్లు ఉడికిపోకుండా అది చేసే ఉపాయం అది. నాలుగు రోజులు వేపచెట్టు కింద కూర్చొని అదే చూశాను.

చిలుకను తీసేశాను. ఇప్పుడు నా కథలో శాపంతో ఎండిపోయిన ఊరికి తీతువు ఈకల్లో నీళ్లు మోస్తుంది. రాత్రి అది కూస్తే చావు కబురని మా దిక్కు భయపడతారు, అందుకని ఆ ఊరివాళ్లే దాన్ని రాళ్లతో కొడతారు. గొడవ దానంతట అదే వచ్చింది, పక్షికి పెట్టిన డైలాగులు సగానికి సగం పోయాయి.

పాత కథలూ ఒకసారి చూడండి. పంచతంత్రం మిత్రభేదంలో టిట్టిభం అంటే ఈ తీతువే. సముద్రం దాని గుడ్లు ఎత్తుకుపోతే పక్షులన్నీ గరుత్మంతుడి దగ్గర మొరపెట్టుకుంటాయి, చివరికి విష్ణువు బెదిరిస్తే గానీ సముద్రం గుడ్లు తిరిగి ఇవ్వదు. నేల మీద గుడ్లు పెట్టే పక్షి కాబట్టే ఆ కథ అతికింది, కొమ్మ మీద గూడు కట్టే కాకికి అతకదు.

శక్తుల సంగతి తర్వాత, ముందు మీ పక్షి గుడ్లెక్కడ పెడుతుందో, దేనికి భయపడుతుందో రాసుకోండి. ఏ పక్షో మీరు చెప్పలేదు. పాలపిట్ట అయితే, జతకట్టే కాలంలో అది గాల్లో పల్టీలు కొడుతూ కిందికి దిగుతుంది. దసరాకేమో దాన్ని పట్టి పంజరంలో పెట్టి జనానికి చూపించి పైసలు అడుగుతారు. నేనైతే ఆ పంజరం దగ్గర మొదలుపెడతాను.