యూనివర్సిటీ నుంచి జవాబు రాకపోతే?

ప్రశ్న: నా డిగ్రీ ఆన్సర్ షీట్ కాపీ ఇవ్వమని మా యూనివర్సిటీకి ఆర్టీఐ పెట్టినా సార్, నెల దాటిపోయింది, పోయి అడిగితే ఎందుకు కావాలో ముందు రాసివ్వు అంటా ఉండారు. ఇప్పుడేం చేయాల?
– ఒక స్టూడెంట్, తిరుపతి

జవాబు: ఎందుకో చెప్పే పనే లేదు బాబూ, చట్టం 6(2) సెక్షన్‌లోనే ఆ మాటుంది. ఎవరి ఆన్సర్ షీట్ వాళ్లు చూసుకోవచ్చని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది, పాపం ఆ ఆఫీసుకి ఇంకా కబురు అందినట్టు లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇవ్వనన్నట్టే లెక్క, కాబట్టి గడువు దాటిన 30 రోజుల్లోపు అక్కడే పై అధికారికి ఫస్ట్ అప్పీల్ పెట్టు, అదీ రిజిస్టర్ పోస్టులో. లేటు వాళ్లదే కాబట్టి కాపీలు ఫ్రీగా ఇవ్వాల్సిందే. అక్కడా కదలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి పో, రోజుకి 250 చొప్పున 25,000 దాకా ఫైన్ ఆ ఆఫీసరు మీదే పడొచ్చు.