ఆటల గది – ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ‘డ్రాగన్ ఏజ్ 2’ వీడియో గేమ్ చివర్లో చాంట్రీ అనే గుడిని పేల్చేసిన ఆండర్స్‌ను నేను చంపేశాను. పక్కన కూర్చుని చూస్తున్న మా తమ్ముడు ‘‘అతను తీర్చుకున్నదీ పగే, నువ్వు తీర్చుకున్నదీ పగే’’ అన్నాడు. ఇంట్లో ఇంకా ఇదే వాదన. వాడికి ఏమని చెప్పాలి? – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ తమ్ముడికి సగం మార్కులు వేస్తాను. ఎందుకో చెప్పేముందు, ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. ముగింపు ముందే తెలిస్తే చిరాకుపడేవారు ఇక్కడే పేజీ తిప్పేయవచ్చు. కెనడాకు చెందిన బయోవేర్ 2011లో విడుదల చేసిన ఈ ఆట కిర్క్‌వాల్ అనే నగరంలో నడుస్తుంది. మంత్రశక్తితో పుట్టినవాళ్లను అక్కడ ‘సర్కిల్’ పేరుతో నిర్బంధిస్తారు. చాంట్రీ అనే మతసంస్థ తరఫున టెంప్లర్లు కాపలా కాస్తారు. ఆండర్స్ అలాంటి నిర్బంధం నుంచి తప్పించుకుని, పేదల వాడలో ఉచితంగా వైద్యం చేసే మాంత్రికుడు. అతని ఒంట్లో జస్టిస్ అనే ఆత్మ చేరింది. అతని కోపం తగిలి అదే వెంజెన్స్‌గా మారింది.

నేను క్రిమినల్ కేసులు వాదించే వకీలును. అందుకేనేమో, అందరూ మాట్లాడుకునే ఆ పేలుడు కన్నా రెండో అంకంలోని చిన్న ఘట్టమే నాకు అసలు సాక్ష్యంగా కనిపిస్తుంది. ఆల్రిక్ అనే టెంప్లర్ మాంత్రికులందరి మనసునూ మంత్రాన్నీ తెంచేసి, వారిని బతికున్న బొమ్మలుగా మార్చాలని పథకం వేస్తాడు. పారిపోతున్న ఎల్లా అనే అమ్మాయి అతనికి చిక్కుతుంది. ఆండర్స్ వచ్చి ఆల్రిక్ ముఠాను మట్టుబెడతాడు. అంతవరకు సరే. కాని ఆ తరువాత, తనను చూసి బెదిరిన ఎల్లా మీదికే తిరుగుతాడు! హాక్, అంటే మీరు, ఆపలేకపోతే ఆమెను చంపేస్తాడు కూడా. ఎవరి కోసం వచ్చాడో ఆ మనిషే కంటికి ఆనలేదు. న్యాయానికీ పగకూ మధ్య గీత ఎక్కడుందని అడిగితే నేను చూపించే చోటు ఇదే. కోపం రెండింటికీ ఉంటుంది. ఎదురుగా ఉన్నది ముద్దాయో బాధితురాలో గుర్తుపట్టే చూపు మాత్రం ఒకదానికే ఉంటుంది.

అదే ఘట్టంలో ఒక కాగితం దొరుకుతుంది, చాలామంది చదవకుండా దాటేస్తారు. ఆల్రిక్ పథకాన్ని మతాధిపతి తిరస్కరించింది, టెంప్లర్ల నాయకురాలు మెరిడిత్ కూడా తిరస్కరించింది అని అందులో ఉంటుంది. అంటే కుట్ర అంతా పైనుంచే వచ్చిందన్న ఆండర్స్ ఆరోపణ ఆ ఒక్క విషయంలో నిలబడదు. ముద్దాయికి అనుకూలమైన పత్రం ఫిర్యాది చేతికే వచ్చిందన్నమాట. చదివి ఆండర్స్ కాసేపు తడబడతాడు. కాని మూడో అంకానికి వచ్చేసరికి ఆ తడబాటు జాడే ఉండదు.

ఈ ఆత్మ మొదట్లో ఎలా ఉండేదో చూడాలంటే మొదటి ‘డ్రాగన్ ఏజ్’కు అనుబంధంగా 2010లో వచ్చిన ‘అవేకనింగ్’ ఆడాలి. అక్కడ ఒక ఊరి జనం ఆత్మలను బందీలుగా పెట్టుకున్న బారోనెస్ గుమ్మం ముందుకు వెళ్లి జస్టిస్ ఆమెను నిలదీస్తాడు. నేరం ఫలానా, చేసింది ఫలానా మనిషి, బాధితులు వీళ్లు. ఆమె పడిపోతే వాళ్లకు విముక్తి, దాంతో ఆ కేసు ముగిసిపోతుంది. కిర్క్‌వాల్‌లో అతనికి అంత స్పష్టమైన చార్జిషీటు లేదు. ప్రపంచమంతా ముద్దాయే. అలాంటి కేసుకు ఆఖరి వాయిదా ఉండదు.

పేలుడులో పోయిన గ్రాండ్ క్లెరిక్, అంటే కిర్క్‌వాల్ చాంట్రీ పెద్ద, ఎల్తీనాను ఏమీ తెలియని మనిషని నేను అనను. రెండు వర్గాలూ మొరపెట్టుకున్నా తేల్చకుండా నాన్చింది, అది తప్పే. దానికి మరణశిక్షా? రాజీకి చోటు మిగలకూడదనే ఆ కట్టడాన్ని ఎంచుకున్నానని ఆండర్సే ఒప్పుకుంటాడు. ఇక మెరిడిత్ సంగతి. పేల్చిన మనిషి కళ్లెదుటే నిలబడి ఉంటే, అతన్ని వదిలేసి, ఆ పనితో ఏ సంబంధమూ లేని సర్కిల్ మాంత్రికులందరినీ చంపమని ఆజ్ఞ ఇస్తుంది. దానికి చట్టంలో ఒక పేరుంది, అధికార ముద్ర ఉంది. నాకు అది ఆండర్స్ పగ కన్నా పెద్ద పగ.

మీ కత్తి దగ్గరికి వస్తే, ఉపపాండవులను నిద్రలో చంపిన అశ్వత్థామను కట్టి తెచ్చిన ఘట్టం గుర్తు చేసుకోండి. భీముడు చంపాలంటాడు. కడుపుకోత పడిన ద్రౌపదే వద్దంటుంది, వాడి తల్లి కూడా నాలాగే ఏడవాలా అని. అర్జునుడు శిరోమణి తీసి, తల గొరిగి వెళ్లగొడతాడు. నాకు అక్కడ నచ్చేది క్షమ ఒక్కటే కాదు, శిక్ష వేసేముందు అందరి మాటా విన్నారు. ఆటలోనూ ఆ అవకాశం ఉంది. ఆండర్స్ పెట్టె మీద కూర్చుని మీ తీర్పు కోసం ఎదురు చూస్తుంటాడు. ఒక్కొక్క సహచరుణ్ణీ అభిప్రాయం అడగవచ్చు, అతన్నీ మాట్లాడించవచ్చు. మీరు అడిగారా? అడిగి, అతను ఒప్పుకున్న నేరానికే శిక్ష వేశానని చెప్పగలిగితే మీ తమ్ముడికి ఆ సగం మార్కులు కూడా తగ్గించండి. అతన్ని చంపాల్సిందేనని సహచరుడు సెబాస్టియన్ అరుస్తున్నాడని, లేకపోతే పేలుడు సంగతి దాచి నన్ను మోసం చేసి సాయం చేయించుకున్నాడన్న కసితో బటన్ నొక్కితే మాత్రం వాడికి నూటికి నూరు. నేనైతే అతన్ని వెళ్లగొట్టాను. సెబాస్టియన్ సైన్యంతో తిరిగి వస్తానని శపథం చేసి వెళ్లిపోయాడు. మంచి విలుకాడు, పోరులో లోటు తెలిసింది.

ప్రశ్న: ఆండర్స్‌కు సాయం చేయనని చెప్పేస్తే చాంట్రీ మిగులుతుందా? – మరో పాఠకుడు, ఖమ్మం

జవాబు: మిగలదు. మీరు కాదన్నా పేలుతుంది. ఆ తరువాత మీరు మాంత్రికుల వైపు నిలిచినా, టెంప్లర్ల వైపు నిలిచినా చివరికి సర్కిల్ మాంత్రికుల పెద్ద ఓర్సినోతోనూ మెరిడిత్‌తోనూ పోరాడక తప్పదు. కాబట్టి ఆ పోరుకు ముందే ఆట భద్రపరచుకోండి, మందుసీసాలు దండిగా కొనిపెట్టుకోండి.