రేకుల ఇంట్లో చలికాలం

ప్రశ్న: బోరబండలో రేకుల ఇంట్లో అద్దెకుంటున్నాము. అత్తగారికి ఉబ్బసం, బాబుకు రెండేళ్లు. చేతిలో రెండు వేలే ఉన్నాయి. చలికాలానికి ముందుగా దేనికి ఖర్చు పెట్టాలి?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, మొదటి ఖర్చు అత్తగారి ఇన్‌హేలరే కావాలి, అది అయిపోయే దాకా ఆగకండి. దుప్పట్లకు డబ్బు పెట్టే ముందు పాత నూలు చీరలను నాలుగైదు పొరలుగా పరిచి, అంచుల నుంచి లోపలికి దగ్గర దగ్గరగా కుట్టి బొంతలు చేసుకోండి. పొరల మధ్య చిక్కుకున్న గాలే ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. మొదటి బొంతను కప్పుకోవడానికి కాక కింద పరచడానికి వాడండి, ఎందుకంటే షాబాదు బండల నేల రాత్రంతా ఒంటి వేడిని లాగేస్తుంది. మిగిలిన డబ్బుతో బాబుకు స్వెటర్, టోపీ, మేజోళ్లు కొనండి.

రేకులకూ గోడకూ మధ్య సందుల్లో పడక వైపున్నవాటిని మాత్రమే గుడ్డలతో మూయండి, గాలి ఆడే దారి ఒకటి తప్పక ఉండాలి. తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం ఎంత చలిగా ఉన్నా వద్దు: దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది, పొగ ఉబ్బసాన్నీ రేపుతుంది.