తాతగారి సంవత్సరీకానికి లాటిన్ పూజ: తిరుపతిలో ఎందుకు కుదరదన్నారు?

తాతగారి సంవత్సరీకానికి లాటిన్‌లో కతోలిక పూజ (మాస్) అడిగితే, మీ విచారణ (పారిష్) గురువుగారు మనసు లేక కాదు, అధికారం లేక కుదరదని ఉంటారు. 1962 పూజాగ్రంథంతో చేసే పాత పూజకు 2021 జూలై నుంచి పీఠాధిపతి (బిషప్) అనుమతి తప్పనిసరి. విచారణ గుడిలోనైతే రోము అనుమతి కూడా కావాలి.

అందరూ పొరబడేది ఒకచోటే. ‘లాటిన్ పూజ’ అని ఊరుకుంటారు. వినేవారు పాత పూజే అనుకుంటారు. ఇప్పటి పూజకూ మూలం లాటినే, మనం వినేది దాని తెలుగు అనువాదం. దాన్ని లాటిన్‌లో చేయడానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు.

1. ఏ పూజ కావాలో ముందు తేల్చుకోండి.
2. ఇప్పటిదే చాలంటే, తెలుగు పూజ లేని వేళ అడగండి. గురువుగారికి లాటిన్ చదవడం వచ్చో రాదో కూడా (మొహమాటపడకండి).
3. పాతదే కావాలంటే కడప పీఠాధిపతికి రాయండి. తిరుపతి, చిత్తూరు ఆయన మేత్రాసనం (బిషప్ పరిధి)లోవే.